మనశ్శాంతి ఎలా: ఒక నోటుబుక్కు, మీకున్న ఒక మంచి గుణం, నాలుగు వారాలు

"గ్యాస్ కట్టేశావటే?"

రాత్రి ఏడున్నరకి మా అమ్మ అడిగే ప్రశ్న ఇది. కట్టేశానమ్మా అంటాను. నాలుగు నిమిషాలయ్యాక మళ్లీ అడుగుతుంది. అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు, జ్ఞాపకం జారిపోతోంది. ఆరోసారికి నా గొంతు మారిపోయేది. ఏడోసారికి చేతిలో గిన్నె సింకులో కాస్త గట్టిగానే పడేది. ఆ తర్వాత అర్ధరాత్రి దాకా నిద్ర ఉండేది కాదు. అమ్మ మీద కోపం ఎప్పుడో పోయేది, నా మీద నాకే పోయేది కాదు.

అప్పట్లో పొద్దున్నే ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని. హాయిగానే ఉండేది. కానీ ఆరింటికి ఫ్లాస్కులో పోసిన కాఫీ రాత్రికి చల్లారిపోయినట్టు, ఆ హాయి ఏడున్నర దాకా నిలిచేది కాదు. ధ్యానాన్ని తక్కువ చేయడం లేదు, చేస్తున్నవాళ్లు మానకండి. నేను చెప్పబోయేది దాని పక్కన నడిచే ఇంకో దారి. రోజులో దొరికే చిన్న చిన్న మంచి భావాలని చేజారనివ్వకుండా పట్టుకోవడం ఒకటి. మనలో ముందునుంచీ ఉన్న ఒక మంచి గుణాన్ని, సరిగ్గా శాంతి చెడే చోటికి తీసుకెళ్లి వాడడం రెండోది. నాలుగు వారాలు పడుతుంది. కావలసింది ఒక వంద పేజీల నోటుబుక్కు, ఒక పెన్ను. ఫోన్‌లో రాసుకుంటానంటే వద్దంటాను. రాద్దామని ఫోన్ తీసిన చేయి వాట్సాప్ చూడకుండా కింద పెట్టదు.

మొదటి మూడు రోజులు: చిరుగు ఎక్కడుందో చూడండి

"నాకు అస్సలు మనశ్శాంతి లేదండీ" అనడం మనకి అలవాటు. చీర మేకుకి తగులుకుంటే తగులుకున్న చోటే చిరుగుతుంది, కొంగు నుంచి కుచ్చిళ్ల దాకా చిరగదు. మనసూ అంతే. ముందు ఆ చోటు తెలియాలి.

మూడు రోజుల పాటు, చికాకు వచ్చిన ప్రతిసారీ ఒక్క లైను రాయండి. ఎన్నింటికి, ఎక్కడ లేదా దేని గురించి, ఒంట్లో ఎక్కడ తెలిసింది. నా మొదటి పేజీ ఇలా ఉంది:

8:50, లిఫ్టు దగ్గర, దవడ బిగిసింది.
1:15, ఆఫీసు వాట్సాప్ గ్రూపు, కడుపులో.
7:40, గ్యాస్, మెడ వెనక.

ఎందుకు వచ్చిందో మాత్రం రాయకండి. రాయడం మొదలుపెడితే అది ఎదుటివాళ్ల మీద చార్జిషీటు అయి కూర్చుంటుంది. ఒంట్లో ఎక్కడ తెలిసిందో రాయమన్నది ఎందుకంటే, మనసుకి తెలిసే లోపే దవడకి తెలుస్తుంది. రెండో రోజుకే నాకు మెడ పట్టేయడం మొదలైన క్షణం తెలిసిపోయింది, అంటే గొంతు మారడానికి ముందు ఒక నిమిషం చేతికొచ్చింది.

మూడో రోజు రాత్రి పేజీలు తిరగేస్తే ఒకటో రెండో గంటలు పదేపదే కనపడతాయి. మా ఆఫీసులో ఒకావిడకి అది పిల్లాడి హోంవర్కు వేళ. అమెరికాలో ఉంటున్న మా పిన్ని కూతురికి ఆదివారం రాత్రి, ఇక్కడికి ఫోన్ చేసి పెట్టేశాక వచ్చే అరగంట. మీ గంట చుట్టూ ఒక గీత గీయండి. దాన్ని ఇప్పుడే సరిచేయబోకండి, రెండు వారాలు అలాగే ఉండనివ్వండి.

మొదటి వారం: పడుకునే ముందు మూడు సంగతులు

మార్టిన్ సెలిగ్‌మన్ అనే సైకాలజిస్టు 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, మన శాస్త్రం ఎంతసేపూ మనసుకొచ్చే జబ్బుల్నే చదువుతోంది, మనిషి బాగుండడాన్ని కూడా అంతే శ్రద్ధగా చదవాలి కదా అని పట్టుబట్టారు. 2005లో ఆయనా, ట్రేసీ స్టీన్, నాన్సూక్ పార్క్, క్రిస్టఫర్ పీటర్సన్ కలిసి ఇంటర్నెట్ ద్వారా 577 మందిని చేర్చుకుని, గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపు చేత ఒక్కో అభ్యాసం వారం పాటు చేయించారు. చివరిదాకా మిగిలినవాళ్లు 411 మంది. ఒక గుంపుకి ఉత్తుత్తి అభ్యాసం ఇచ్చారు, రోజూ రాత్రి చిన్ననాటి జ్ఞాపకాలు రాయమని. ఇంకో గుంపుని ఆ రోజు బాగా జరిగిన మూడు సంగతులు, అవి ఎందుకు జరిగాయో రాయమన్నారు. ఆరు నెలల తర్వాత చూసినా ఈ గుంపులో సంతోషం పెరిగి, దిగులు లక్షణాలు తగ్గి కనపడ్డాయి. చేయమన్నది వారమే. ఫలితం ఎక్కువగా నిలిచింది మాత్రం వారం అయిపోయాక కూడా తమంతట తాము రాస్తూ పోయినవాళ్లకి.

కాబట్టి ఈ వారం మీ పని ఇది. పక్క వేసుకున్నాక, లైటు ఆర్పక ముందు, మూడు సంగతులు రాయండి. ప్రతి దాని కింద "ఎందుకు" అని రాసి ఒక్క వాక్యంలో జవాబివ్వండి. పది నిమిషాలకి మించి కూర్చోనక్కర్లేదు.

వినడానికి తేలికే. నేను మొదటిసారి పదకొండు రోజులకే మానేశాను. ఆ పేజీలు ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. "ఆరోగ్యం. కుటుంబం. ఉద్యోగం." మర్నాడు "కుటుంబం. ఆరోగ్యం. ఉద్యోగం." గుళ్లో రద్దీ రోజున పూజారిగారు గోత్రనామాలు గబగబా చదివినట్టు. అవి అబద్ధాలు కావు, కానీ రాస్తున్నప్పుడు ఒక్కటి కూడా తగల్లేదు.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. నిన్నా మొన్నా రాయడానికి వీలుకానిదై ఉండాలి. కంటికో చెవికో ముక్కుకో తగిలిందై ఉండాలి. అలా రాసింది ఒకటి:

"సాయంత్రం కరెంటు పోయింది. పక్కింటి కుర్రాడు మెట్ల మీద ఫోన్ లైటు వేసి దాని మీద నీళ్ల సీసా పెట్టాడు, మెట్లన్నీ తెల్లగా వెలిగాయి. ఎందుకు: నేను దిగుతున్న చెప్పుల చప్పుడు విన్నాడు."

ఇందులో పనిచేసే మందు ఆ "ఎందుకు"లో ఉంది. నీళ్ల సీసా దగ్గరే ఆగిపోతే అదొక చిట్కా. ఎందుకు అని అడిగితే, నా అడుగుల చప్పుడు గుర్తుపట్టే మనిషొకడు గోడ అవతల ఉన్నాడని తెలిసింది. వారం రాసి చూడండి, జవాబుల్లో ఎక్కువసార్లు ఎవరో ఒక మనిషి ఉంటాడు, లేదా మీరే చేసి మర్చిపోయిన చిన్న పని ఉంటుంది. "పాలు పొంగలేదు. ఎందుకు: నేను పక్కనే నిలబడ్డాను." ఇది కూడా లెక్కే.

చెడ్డ రోజున మూడు దొరకవు. దొరికినన్నే రాయండి. అమ్మని ఆసుపత్రిలో చేర్చిన రోజున నా పేజీలో ఒకటే ఉంది: "గుమ్మం దగ్గర వార్డుబాయ్ స్ట్రెచర్ ముందు చక్రాలు ఎత్తి దించాడు. కుదుపు తెలియలేదు." ఎందుకు అన్నచోట ఖాళీ. ఆ రాత్రి ఆ ఒక్క లైను చాలింది.

వారం తర్వాత రోజూ రాయాలా? నా సలహా, వద్దు. సోన్యా ల్యూబోమిర్‌స్కీ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు ఆరు వారాల పాటు చూస్తే, కృతజ్ఞత కలిగించిన సంగతులు వారానికోసారి రాసినవాళ్లకి కలిసొచ్చింది, మూడుసార్లు రాసినవాళ్లకి అంతగా రాలేదు. రోజూ పులిహోర చేస్తే పులిహోర మీద మోజు పోతుంది కదా. మొదటి వారం రోజూ రాయండి, చేయి అలవాటు పడడానికి. ఆ తర్వాత వారానికి ఒకటి రెండు రాత్రులు చాలు. రాస్తున్నప్పుడు గోత్రనామాల్లా అనిపించిందంటే ఇంకా తగ్గించండి.

పగటిపూట ఇరవై సెకన్లు

ఇది మొదటి వారంలోనే పక్కన మొదలుపెట్టండి, దీనికి విడిగా టైము అక్కర్లేదు.

రోజూ జరిగే ఒక మంచి క్షణాన్ని ఎంచుకోండి. నాది ఇడ్లీ పాత్ర మూత తీసే క్షణం. ఆవిరి మొహానికి కొడుతుంది, కళ్లజోడు మసకబారుతుంది. ఇదివరకు విసుక్కుంటూ కళ్లజోడు తుడుచుకునేదాన్ని. ఇప్పుడు ఇరవై లెక్కపెట్టేదాకా అక్కడే నిలబడతాను. మసక తనంతట తను విడిపోతుంది, ముందు అంచుల్లో, తర్వాత మధ్యలో. అంతే అభ్యాసం. ఫోటో తీయొద్దు. పక్కన ఎవరైనా ఉంటే పైకి చెప్పండి, "అబ్బ, ఆవిరి భలే ఉంది" అని. పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు, చూడనివ్వండి.

ఇంత చిన్నదాంతో ఏమవుతుంది అనిపిస్తుంది. బార్బరా ఫ్రెడ్రిక్‌సన్ అనే పరిశోధకురాలు తన సహచరులతో చేసిన ఒక ప్రయోగం నాకు ఇందుకే గుర్తుంటుంది. 2000లో ప్రచురించారు. వచ్చినవాళ్లకి ఒక్క నిమిషం టైమిచ్చి, ఉపన్యాసానికి సిద్ధం కండి, రికార్డు చేస్తాం అన్నారు. గుండె దడ పెరిగింది, రక్తపోటు పెరిగింది. అప్పుడు చిన్న వీడియో చూపించారు. కొందరికి సముద్రపు అలలు, కొందరికి ఆడుకుంటున్న కుక్కపిల్ల, కొందరికి ఏ భావమూ లేని బొమ్మ, కొందరికి ఏడిపించే దృశ్యం. అలలూ కుక్కపిల్లా చూసినవాళ్ల గుండె మిగతావాళ్ల కన్నా త్వరగా మామూలుకొచ్చింది.

నేను దీంట్లోంచి తీసుకున్నది ఒక్క ముక్క. మంచి భావం కోపాన్ని రాకుండా ఆపకపోవచ్చు, వచ్చి పోయాక ఒంట్లో మిగిలిన ముడిని మాత్రం త్వరగా విప్పుతుంది. అంటే దాన్ని పెట్టాల్సిన చోటు మీ చిరుగు గంట అయిపోయిన వెంటనే. గొడవయ్యాక గదిలోకి వెళ్లి ఆ గొడవనే మళ్లీ మళ్లీ తిప్పుకోకుండా, రెండు నిమిషాలు వేరేది చేయండి. నేను బాల్కనీలో కరివేపాకు కుండీలో పండిన ఆకులు ఏరుతాను. మా ఆయన పాత సినిమాల్లో కామెడీ ముక్కలు చూస్తారు. ఏదైనా పరవాలేదు, మీకు నిజంగా హాయిగా ఉంటే చాలు.

ఇక్కడ ఒక పక్క మాట. "ఒక చెడు భావానికి మూడు మంచి భావాలు ఉండాలి" అనే లెక్క ఎక్కడైనా మీ కంటపడితే పట్టించుకోకండి. ఇది 2005లో ఇదే ఫ్రెడ్రిక్‌సన్, మార్షల్ లొసాడాతో కలిసి రాసిన వ్యాసంలోది. 2013లో నిక్ బ్రౌన్, అలన్ సోకల్, హారిస్ ఫ్రీడ్‌మన్ ఆ లెక్క వెనకున్న గణితం చెల్లదని చూపించారు, దాంతో ఆ భాగాన్ని పత్రిక ఉపసంహరించుకుంది. మంచి భావాలు మేలు చేస్తాయన్నది అలాగే ఉంది, మూడు అనే అంకె పోయింది. నోటుబుక్కులో చుక్కలు పెట్టి లెక్కేసుకునే శ్రమ మనకి తప్పింది.

రెండో వారం: మీ గుణం ఏదో కనుక్కోండి

పీటర్సన్, సెలిగ్‌మన్ 2004లో మనిషిలోని మంచి గుణాల పట్టిక ఒకటి తయారుచేశారు. మతాలూ తత్వాలూ దేశాలూ అన్నీ వెతికి, దాదాపు అందరూ మెచ్చుకునేవి 24 తేల్చి, ఆరు కుటుంబాలుగా పెట్టారు. ఇంటి భాషలో చెప్తే ఇవి. కొత్తగా ఆలోచించడం, తెలుసుకోవాలనే ఆసక్తి, అన్ని వైపులా చూసి తేల్చడం, నేర్చుకోవాలనే తపన, పెద్దరికపు చూపు. ధైర్యం, పట్టుదల, నిజాయితీ, హుషారు. ప్రేమ, దయ, ఎదుటివాళ్ల మనసు పట్టడం. కలిసి పనిచేయడం, పక్షపాతం లేకపోవడం, ముందుండి నడిపించడం. క్షమ, అణకువ, ముందుచూపు, నిగ్రహం. అందాన్ని గుర్తుపట్టడం, కృతజ్ఞత, ఆశ, చమత్కారం, భక్తి.

వీటిలో మీవి నాలుగైదు ఉంటాయి. ఎలా తెలుస్తుంది? ఈ పట్టిక మీదే పనిచేసే వి.ఐ.ఏ. ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా ప్రశ్నావళి ఉంది, ఈమెయిలుతో రిజిస్టర్ అయి చేయొచ్చు. అది మంచిదే, కానీ నా మట్టుకు నాకు మనుషుల్ని అడగడం ఎక్కువ పనికొచ్చింది. ముగ్గుర్ని అడగండి, ఒకరు ఇంట్లోవాళ్లు, ఒకరు పనిచేసే చోట, ఒకరు పాత స్నేహితులు. "నాలో మంచి గుణాలేంటి" అని అడిగితే మనవాళ్లు ఇబ్బంది పడి "నీకేంటి, బంగారం" అని తప్పించుకుంటారు. మా అన్నయ్యని అడిగితే "ఏం, ఇన్సూరెన్సు వాళ్లేమన్నా ఫారం ఇచ్చారా?" అన్నాడు. ఇలా అడగండి: "నన్ను చూసి నీకు ముచ్చటేసిన సందర్భం ఒకటి చెప్పు." సందర్భం చెప్తారు. అందులోంచి గుణం మీరే తీసుకోండి.

అన్నయ్య చివరికి చెప్పింది ఇది. నా ఎనిమిదో ఏట, ఊళ్లో బావి పూడిక తీస్తుంటే బడి ఎగ్గొట్టి సాయంత్రం దాకా గట్టు మీద కూర్చుని, తవ్వేవాళ్లని ఒక్కో పొర మట్టి పేరూ అడిగానట. నాకైతే గుర్తు లేదు. కానీ స్నేహితురాలు చెప్పిందీ, ఆఫీసులో చెప్పిందీ కూడా అలాంటివే. నా గుణం ఆసక్తి. ఓర్పు అని ఒక్కరూ అనలేదు.

ఇంకో ఆనవాలు అలసట. మీ గుణంతో చేసే పని ఒంటిని అలిసిపోయేలా చేసినా మనసుని చేయదు. పెళ్లిలో వడ్డన చేసి కాళ్లు పీకుతున్నా మొహం వెలుగుతుంటుంది చూడండి కొందరికి, అది.

ఈ పట్టికలో నాకు బాగా ఉపయోగపడింది అందులో లేని ఒక మాట. 24 గుణాల్లో ఓర్పు అని విడిగా లేదు! ఇన్నేళ్లూ నేను నాకు లేని ఓర్పుని తెచ్చుకోవాలని తంటాలు పడ్డాను. పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకుని అదే అడిగేదాన్ని. ఓర్పుని ఎవరికి వాళ్లు తమ దగ్గరున్న సరుకుతోనే వండుకోవాలని నాకు అప్పుడు తట్టింది. చమత్కారం ఉన్నవాళ్ల ఓర్పు ఒకలా ఉంటుంది, దయ ఉన్నవాళ్లది ఒకలా, భక్తి ఉన్నవాళ్లది ఇంకోలా. నేను చేయాల్సింది ఆసక్తితో.

మూడో వారం: ఆ గుణాన్ని చిరుగు గంటలోకి తీసుకెళ్లండి

2005 నాటి ప్రయోగంలో ఆరు నెలల దాకా ఫలితం నిలిచిన రెండో అభ్యాసం ఇదే: తనకి బలమైన గుణాల్లో ఒకదాన్ని వారం పాటు రోజూ ఏదో ఒక కొత్త పద్ధతిలో వాడడం. నేను దానికి ఒక్క మెలిక పెట్టాను. ఎక్కడపడితే అక్కడ కాకుండా, మొదటి మూడు రోజుల్లో మీరు గీత గీసిన గంటలోనే వాడండి.

పద్ధతి: పొద్దున్నే నోటుబుక్కులో ఒక వాక్యం రాయండి. "ఫలానా టైముకి, ఫలానాది జరగగానే, నేను ఇది చేస్తాను." నా వాక్యం: "ఏడున్నరకి అమ్మ మూడోసారి గ్యాస్ గురించి అడగగానే, నాకు తెలియనిది ఒకటి అమ్మని అడుగుతాను."

మొదటి రోజు సాయంత్రం అమ్మ అడిగింది, "గ్యాస్ కట్టేశావటే?"

"కట్టేశానమ్మా. అసలు మనింట్లో గ్యాస్ రాకముందు దేనిమీద వండేదానివి?"

అమ్మ చేతులు ఒళ్లో ఆగిపోయాయి. "పొట్టు పొయ్యి" అంది. నాకు తెలియదు. ఎలా ఉంటుందని అడిగాను. కుర్చీలో ముందుకి జరిగింది. రేకు డబ్బాలో మధ్యన సీసా నిలబెట్టి, కింద కంతలోంచి ఒక కర్ర దూర్చి, చుట్టూ రంపపు పొట్టు పోసి, రోకలితో కూరాలిట. గట్టిగా కూరాలి. తర్వాత సీసా మెల్లగా తిప్పుతూ పైకి తీయాలి. అమ్మ గాలిలో సీసా పట్టుకుని తిప్పింది, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని. "కంగారుగా లాగావనుకో, పొట్టంతా కూలుద్ది. మళ్లీ మొదట్నుంచీ." కర్ర కూడా తీసేస్తే పొగ గొట్టంలా కంత మిగులుతుంది. ఒకసారి అంటిస్తే వంట అయ్యేదాకా కుంపటిలా కాలుతుందిట. మా నాయనమ్మ చేస్తే కూలిపోయేదిట, అమ్మ చేస్తే కూలేది కాదుట. అది చెప్తున్నప్పుడు అమ్మ మొహంలో గర్వం నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను.

పది నిమిషాలయ్యాక మళ్లీ అడిగింది, "గ్యాస్ కట్టేశావా?" అని. నా మెడ పట్టలేదు.

మీ గుణం వేరు కాబట్టి మీ వాక్యమూ వేరు. హోంవర్కు గొడవ పడే ఆవిడ గుణం పక్షపాతం లేకపోవడం. ఆవిడ పిల్లాడితో ఒప్పందం రాయించుకుంది. ఎన్ని లెక్కలు, ఎంతసేపు, మధ్యలో ఆట ఎప్పుడు, అమ్మ అరిస్తే జరిమానా ఎంత. మొదటి వారం జరిమానాలన్నీ ఆవిడే కట్టిందిట. మా పిన్ని కూతురిది అందాన్ని గుర్తుపట్టే గుణం. ఫోన్ పెట్టేశాక ఇంట్లో ఉండకుండా వీధి చివరిదాకా నడిచి, ఆ రోజు ఆకాశం ఏ రంగో వాళ్లమ్మకి వాయిస్ మెసేజ్ పెడుతుంది.

గుణం ఎక్కువైతే అదీ చేటే, ఇది నా అనుభవం. మూడో వారం చివర్లో నేను రెచ్చిపోయి అమ్మని వరసగా ప్రశ్నలు వేశాను. ఏ సంవత్సరం, ఎవరు తెచ్చారు, ఎంతకి. అమ్మ మొహం ముడుచుకుంది. "నాకు గుర్తుందో లేదో పరీక్ష పెడుతున్నావా?" అంది. నిజమే, అది ఇంటర్వ్యూ అయిపోయింది. ఆ రోజు నుంచి సంవత్సరాలూ పేర్లూ అడగను, "ఎలా చేసేవాళ్లు" అని మాత్రమే అడుగుతాను. చేతులకి గుర్తుంటుంది. నిజాయితీ మీ గుణమైతే పెళ్లిలో కూర బాగోలేదని చెప్పాల్సిన పని లేదు, చమత్కారం మీదైతే చావింట్లో నోరు కట్టేసుకోండి. రోజుకి ఒక్కసారి వాడితే చాలు.

పక్కవాళ్ల వల్ల చెడే శాంతికి: పతంజలి చెప్పిన నాలుగు

మనశ్శాంతి చాలాసార్లు చెడేది మనకి జరిగిన దానివల్ల కాదు, పక్కవాళ్లకి జరిగిన దానివల్ల. దీనికి పాతకాలపు సాధన ఒకటుంది. పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదం, 33వ సూత్రం. సుఖంగా ఉన్నవాళ్ల పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల పట్ల కరుణ, పుణ్యం చేసేవాళ్ల పట్ల ముదిత, పాపం చేసేవాళ్ల పట్ల ఉపేక్ష అలవరచుకుంటే చిత్తం తేటపడుతుందని. బౌద్ధులు బ్రహ్మవిహారాలనే నాలుగూ ఇవే పేర్లతో ఉంటాయి, కాకపోతే వాళ్లలో ముదిత అంటే ఎదుటివాళ్ల సుఖం చూసి సంతోషించడం.

దీన్ని నేను కుటుంబం వాట్సాప్ గ్రూపు మీద సాధన చేస్తాను. అంతకన్నా మంచి వ్యాయామశాల లేదు. బావగారి అబ్బాయి కొత్త ఫ్లాట్ గృహప్రవేశం ఫోటోలు: ఇక్కడ మైత్రి. చప్పట్ల బొమ్మ పెట్టేసి ఊరుకుంటే కుదరదు, ఒక గది గురించి అడగాలి, "ఆ కిటికీలోంచి ఏం కనపడుతుంది?" అని. అడిగేసరికి ఈర్ష్య సగం దిగిపోతుంది. మేనత్తగారి మోకాలి ఆపరేషన్: ఇక్కడ కరుణ, అంటే "గెట్ వెల్ సూన్" బదులు ఒక ఫోన్. ఊళ్లో బడికి బెంచీలు చేయించిన పెదనాన్నగారు: ముదిత. "పేరు కోసం చేశాడులే" అనే మాట నోట్లోకి వచ్చినప్పుడు మింగేయాలి. ఎవరో రాజకీయం మీద తిట్టుకుంటూ పెట్టిన పదహారు మెసేజీలు: ఉపేక్ష. ఉపేక్ష అంటే మనసు అటు పారేసుకోకుండా ఉండడం, లెక్కలేనితనం అనుకోకండి. మ్యూట్ బటన్ పతంజలికి తెలిసుంటే సంతోషించేవాడనుకుంటాను. అయితే ఇంట్లో ఎవరినైనా కొడుతున్నారనో, ఆఫీసులో డబ్బు తింటున్నారనో తెలిస్తే అక్కడ ఉపేక్ష పేరు చెప్పి తప్పుకోకూడదు. ధైర్యం, పక్షపాతం లేకపోవడం కూడా ఆ 24లో ఉన్నవే.

నాలుగో వారం: ఒక ఉత్తరం

మీకు మేలు చేసి, మీరు సరిగ్గా చెప్పుకోని మనిషి ఒకరిని తలుచుకోండి. బతికున్నవాళ్లై ఉండాలి. ఒక పేజీ రాయండి, ఏం చేశారు, దానివల్ల మీకేమైంది, ఇప్పుడు మీరెలా ఉన్నారు. వెళ్లి, ఎదురుగా కూర్చుని, చదివి వినిపించండి. ఎందుకొస్తున్నారో ముందు చెప్పకండి. అదే 2005 ప్రయోగంలో అన్నిటికన్నా ఎక్కువ సంతోషం వెంటనే ఇచ్చింది ఇదే, కానీ నెల దాటాక మెల్లగా తగ్గిపోయింది. అందుకే దీన్ని పండగలా చూడండి, ఏడాదికి రెండు మూడుసార్లు.

మనకి ఇది కష్టం. ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెప్తే "ఏంటి, పరాయివాళ్లకి చెప్పినట్టు" అంటారు. నేను మా లెక్కల టీచరుగారికి చదివి వినిపించాను. ఆవిడ కళ్లజోడు తీసి, చీర కొంగుతో తుడుచుకుని, "రెండో పేరాలో ఒత్తు తప్పు రాశావు" అన్నారు. ఆ కాయితం మాత్రం వెనక్కి ఇవ్వలేదు. దూరంగా ఉన్నవాళ్లకి వీడియో కాల్‌లో చదవండి. చదవడం ముఖ్యం, ఫోటో తీసి పంపితే రుచి రాదు.

ఎక్కడ ఆగాలి

దుఃఖం ఉన్నచోట దీన్ని రుద్దకండి. ఎవరైనా పోయిన ఇంట్లో "మూడు మంచి సంగతులు రాసుకోండి" అనడం క్రూరత్వం. మీకు మీరు కూడా అలా చెప్పుకోకండి. ఏడుపు వస్తే ఏడవండి, నోటుబుక్కు ఎక్కడికీ పోదు.

అద్దంలో చూసుకుని "నేను గొప్పవాణ్ణి, నేను శాంతంగా ఉన్నాను" అని జపించడం కూడా నేను చెప్పను. జోఆన్ వుడ్ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు 2009లో చేసిన ప్రయోగంలో, తమ మీద తమకి నమ్మకం తక్కువ ఉన్నవాళ్లు "నేను ప్రేమించదగ్గ మనిషిని" లాంటి మాట మళ్లీ మళ్లీ అనుకుంటే మనసు ఇంకా చిన్నబోయింది. లోపల నమ్మని మాటని ఎన్నిసార్లు అంటే లోపలి మనిషి అన్నిసార్లు కాదంటాడు. నీళ్ల సీసా మీద వెలుగుని మాత్రం ఎవడూ కాదనలేడు.

రెండు వారాలకి పైగా ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, నిద్రా తిండీ చెడినా, బతకడం ఎందుకనిపించినా ఇవన్నీ పక్కన పెట్టి డాక్టరుని కలవండి. మానసిక సమస్యలకి ఫోన్‌లో సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో మతిమరుపు ఉన్నవాళ్లని చూసుకుంటున్నవాళ్లు, తమకేమీ జబ్బు లేకపోయినా, ఊరికే మాట్లాడడానికి కూడా చేయొచ్చు.

నాలుగు వారాలు అయ్యాక నేను ఉంచుకున్నవి మూడే: ఇడ్లీ ఆవిరి, ఏడున్నర ప్రశ్న, ఆదివారం రాత్రి నోటుబుక్కు. మొన్న ఆదివారం పేజీలో రెండో సంగతి ఇది:

"అమ్మ గ్యాస్ గురించి తొమ్మిదిసార్లు అడిగింది. తొమ్మిదోసారి అడిగి, నేను ఏమీ అనకముందే తనే నవ్వింది. ఎందుకు: తెలీదు."